పిల్లకాలవలో పిల్లిచెవులాకు

ఇలా దగ్గరికి జరుగు అమ్మలూ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడుతూ వినాలి మరి. ఊఁ ఆగిపోయిందంటే నిద్రపోయావనుకుని నేనూ పడుకుంటాను.

అనగనగా ఒక ఊళ్ళో, పిల్లకాలవ గట్టు మీద, చంద్రకాంతం అని ఒకావిడ ఉండేది. జాకెట్లు కుట్టేది. చేతులు మిషను మీద ఉన్నా చూపు మాత్రం ఎప్పుడూ పెరట్లోనే. ఎందుకంటావా? పెరట్లో ఆవిడ నీటిమొక్కలు పెంచేది.

అంటే మట్టిలో మొలిచేవి కాదు. నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే పూసేవి. సిమెంటు తొట్లలో, అంచు విరిగిన కుండల్లో, చిల్లుకి మాటేసిన పాత గంగాళంలో, ఎక్కడ చూసినా అవే. నీళ్ళ అడుగున ఎర్ర రిబ్బనులా ఊగేది ఒకటి. చింతాకంత ఆకులతో తేలేది ఇంకొకటి. వాటన్నిటి మధ్యా ఒక నీలికలువ. ఆ కలువని చంద్రకాంతం విత్తనం నుంచి తనే మొలిపించుకుంది. పొద్దున్నే అది విచ్చుకుంటే పెరడంతా సీతాఫలం పండు వాసన వేసేదిట.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. పక్క టౌనులో గాజుల కొట్టు గౌసియా ఒకరు. బళ్ళో బొమ్మలు వెయ్యడం నేర్పే విశ్వపతి మాస్టారు ఇంకొకరు. ముగ్గురూ నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలుసుకునేవాళ్ళు. మొక్కల వేళ్ళకి తడిగుడ్డ చుట్టి, అరటిదొప్పలో పెట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చేవాళ్ళు. అమ్మడాలూ కొనడాలూ లేవు. మొక్కకి మొక్కే. నీ దగ్గర లేనిది నేనిస్తా, నా దగ్గర లేనిది నువ్వియ్యి. అంతే.

ఒకసారి విశ్వపతి మాస్టారు ఒక గాజుసీసా తెచ్చారు. సీసాలో నీళ్ళు, నీళ్ళ మీద నాలుగు ఆకులు తేలుతున్నాయి. లేతాకుపచ్చగా, మెత్తగా, మధ్యకి మడిచినట్టు ఉన్నాయి. అచ్చం పిల్లికూన చెవుల్లాగే. పైన సన్నని నూగు. నీటిచుక్క పడితే తడవదు, పాదరసంలా దొర్లిపోతుంది.

"దీనికి మన భాషలో పేరు లేదమ్మా. చాలా దూరాన్నుంచి నా దాకా వచ్చింది. ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు" అన్నారు మాస్టారు.

"పేరెందుకు లేదూ? పిల్లిచెవులాకు" అంది చంద్రకాంతం. అప్పుడే దాని మీద మనసు పారేసుకుంది.

గౌసియా మాత్రం చెయ్యి చాపలేదు. "నాకొద్దు మాస్టారూ. మేడ మీద వానొస్తే నా తొట్లు పొర్లిపోతాయి. ఇదేమో చూస్తే ఆగే రకంలా లేదు" అంది.

అప్పుడు మాస్టారు చంద్రకాంతానికి మూడు మాటలు చెప్పారు. పారే నీళ్ళలో వెయ్యకూడదు. ఎక్కువైతే నీళ్ళలో పారెయ్యకుండా ఎండలో ఆరబోసి మాడ్చెయ్యాలి. ఈ రెండూ పాటించనివాళ్ళ చేతికి ఇవ్వకూడదు. చంద్రకాంతం మూడింటికీ తలూపింది. బదులుగా తన నీలికలువ పిలక ఒకటి మాస్టారికి ఇచ్చింది.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. చంద్రకాంతం చెల్లెలికి నెలలు నిండాయని కబురొచ్చింది. పురిటికి మనిషి కావాలి, వెంటనే రమ్మన్నారు. బస్సు హారను కొడుతోంది, చంద్రకాంతం చేతిలో సంచీ, నోట్లో పిన్నీసు. గుమ్మంలోంచి అత్తగారికి కేకేసింది.

"అత్తయ్యా, తొట్లలో నీళ్ళు తగ్గకుండా చూడండి!"

అంతే చెప్పింది. మాస్టారు చెప్పిన మూడు మాటలూ చెప్పడం మర్చిపోయింది. తొందరలో మర్చిపోయింది పాపం.

ఆ అత్తగారి పేరు పేరంటాలు. కళ్ళలో శుక్లాలు, మనిషి మాత్రం వెన్న. మొలిచిన మొక్కని పీకిన పాపాన పోలేదు. గోడ పగుల్లో రావిమొక్క మొలిచినా తీసుకెళ్ళి ఎక్కడో ఒకచోట నాటి వచ్చేది.

చంద్రకాంతం వెళ్ళాక పిల్లిచెవులాకు పెరగడం మొదలెట్టింది. గంగాళం నిండింది. పేరంటాలు పైపైన తీసి పక్క తొట్టిలో వేసింది. అదీ నిండింది. దాని పక్క తొట్టీ నిండింది. ఇంక ఎక్కడ వేస్తుంది? పారెయ్యడానికి మనసొప్పలేదు. ప్రాణమున్నదాన్ని ఎండలో ఎలా పడేస్తాం అనుకుంది. ఒక తట్ట నిండా ఎత్తి, నడుం మీద పెట్టుకుని, పిల్లకాలవ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కదా, నీళ్ళు పారవు. కానీ వంతెనకి ఎగువన లోతు చోట ఒక మడుగు మిగులుతుంది. గేదెలు అందులోనే పడుకుంటాయి. పేరంటాలు ఆ మడుగులో ఆ ఆకుల్ని మెల్లిగా వదిలింది. "బతకండి తల్లీ" అంది. అలా మూడు తట్టలు వదిలింది.

చంద్రకాంతం తిరిగొచ్చేసరికి వానలు ఇంకా పడలేదు గానీ, కాలవలు వదిలే రోజులు దగ్గరకొచ్చాయి. చెప్పులు విప్పకుండానే పెరట్లోకి పరిగెత్తింది. చూస్తే ఏముంది? తొట్లన్నిటి మీదా పచ్చటి కంబళి కప్పినట్టుంది. చెయ్యి పెట్టి ఆ కంబళి ఎత్తింది. కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి. కుళ్ళు వాసన. ఎర్ర రిబ్బను మొక్క లేదు. చింతాకు మొక్క లేదు. చేపపిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి. నీలికలువ దుంప వేళ్ళ మధ్యే జావలా జారిపోయింది. వెలుతురందక, గాలాడక అన్నీ చచ్చిపోయాయి.

ఏడుద్దామనుకునేలోపే వెనకనించి పేరంటాలు మాట వినబడింది. "నీ కొత్త మొక్కని ఒక్కటి కూడా చావనివ్వలేదమ్మాయ్. ఇక్కడ పట్టకపోతే తీసుకెళ్ళి మడుగులో వేశాను" అంది, ఎంతో గొప్పగా.

చంద్రకాంతం కలువ మాట అక్కడే మర్చిపోయి కాలవ గట్టుకి పరిగెత్తింది.

మడుగు సగం కనబడటం లేదు. నీళ్ళ మీద పచ్చటి తివాచీ పరిచినట్టుంది. దాని మీద కొంగ నడుస్తోంది, మునగడం లేదు. మడుగుకి దిగువన వంతెన. వంతెన దాటితే బోదెలు, అంటే చేలకి నీళ్ళు తీసుకెళ్ళే సన్న కాలవలు. బోదెలు దాటితే ఊరి చేలన్నీ. ఇంకో వారంలో నీళ్ళు వదిలితే ఈ ఆకు ఎక్కడెక్కడికి పోతుందో, ఎన్ని నారుమళ్ళ మీద కంబళి కప్పుతుందో తల్చుకుంటేనే ఆవిడకి చెమటలు పట్టాయి.

ఊఁ... మెలకువగానే ఉన్నావా? సరే.

చంద్రకాంతం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరంతా అత్తగారినే అంటారు. అత్తగారిది మాత్రం ఏం తప్పు, చెప్పనిది నేను కదా అనుకుంది. మర్నాడు పెందలాడే తట్ట తీసుకుని ఒక్కతే మడుగులో దిగింది. మధ్యాహ్నం దాకా తీసింది. గట్టు మీద కుప్ప పోసింది. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చింది. కానీ మర్నాడు వెళ్ళి చూస్తే నీళ్ళ నిండా తునకలు. ఆవిడ చెయ్యి తగిలి విరిగిన ప్రతి ముక్కా చివురు వేస్తోంది. ఒకటి తీద్దామని దిగితే పది చేసి వచ్చినట్టయింది.

ఆ రోజు ఆవిడకి ముద్ద దిగలేదు. భర్త త్రిమూర్తులు అడిగాడు, "ఏంటలా ఉన్నావు?" అని. చెప్పింది. ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. "కాలవన్నాక నాచు ఉండదా, గుర్రపుడెక్క ఉండదా? అదే పోతుందిలే" అన్నాడు.

అప్పుడు చంద్రకాంతం టౌనుకెళ్ళి గౌసియాకీ మాస్టారికీ చెప్పింది. ఇద్దరూ ఆ పూటే వచ్చేశారు. మాస్టారు గట్టు మీద నిలబడి మడుగు చూశారు.

"నేనివ్వకుండా ఉండాల్సింది. గాజుసీసాలో ఉంటే ముద్దొచ్చింది. ఇదేం చెయ్యగలదో తెలిసి కూడా ఇచ్చాను" అన్నారు.

"ఇప్పుడవన్నీ ఎందుకు మాస్టారూ, ప్యాంటు మడవండి" అంది గౌసియా.

ముగ్గురూ పాత దోమతెర తెచ్చి, వల లాగినట్టు లాగారు. ఈసారి తునకలు తక్కువ పడ్డాయి. అయినా మడుగు పెద్దది, వాళ్ళు ముగ్గురే. సగం కూడా కాలేదు. ఇంతలో గట్టు మీద సైకిలాగింది. దిగినవాడు యేసోబు. లస్కరు అన్నమాట, అంటే కాలవకి నీళ్ళు వదిలేవాడూ కట్టేవాడూ అతనే.

"ఏం చేస్తున్నారమ్మా? రేపే నీళ్ళు. నాలుగు రోజులు ముందే వదలమని పైనుంచి చెప్పారు. రేపు పొద్దెక్కేసరికి పెద్దకాలవ నిండుతుంది" అన్నాడు.

చంద్రకాంతం మడుగులోనే, మొలలోతు నీళ్ళలో, అలా కూలబడిపోయింది. గౌసియా చంకలో చెయ్యేసి లేపాల్సొచ్చింది.

"ఒక్క వారం ఆపలేవా యేసోబూ?" అని అడిగింది చంద్రకాంతం.

"నేనెవర్నమ్మా ఆపడానికి? ఇదంతా ఎందుకో ఊరికి చెప్పండి. ఊరడిగితే నేను చెయ్యగలిగింది చేస్తాను" అన్నాడతను.

ఇవన్నీ పేరంటాలు వింటోంది. మజ్జిగ తెచ్చిందిలే వాళ్ళకి. చెంబు పట్టుకుని గట్టు మీద నిలబడిపోయింది. కళ్ళు సరిగ్గా కనబడకపోయినా చెవులు బాగానే పనిచేస్తాయి ఆవిడకి. అప్పటిదాకా తెలియదు, తను చేసిందేమిటో. చెంబు అక్కడ పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారగానే చంద్రకాంతం లేచి చూసేసరికి అత్తగారు మంచం మీద లేదు. పెరట్లో లేదు. అరుగు మీద లేదు. కాలవలోనే దిగిందేమో, కళ్ళు కనబడవే, కాలు జారితేనో! చంద్రకాంతం జుట్టు ముడేసుకోకుండానే వీధిలోకి పరిగెత్తింది.

పాలకేంద్రం దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. పొద్దున్నే పాలు పొయ్యడానికి ఊరు ఊరంతా అక్కడికే వస్తుంది కదా. మధ్యలో పేరంటాలు. ఆవిడ కాళ్ళ దగ్గర నీలికలువ ఉండిన తొట్టి. త్రిమూర్తులు చేత బండి మీద తెప్పించిందిట.

"ముక్కు మూసుకోకుండా వాసన చూడండర్రా. నా కోడలు కన్నబిడ్డలా పెంచుకున్న కలువ ఇది. ఈ ఆకు మీద కప్పేసింది, కింద ఇలా అయింది. ఈ ఆకునే నేను తట్టలతో మోసుకెళ్ళి మన మడుగులో వేశాను. నేనే వేశాను. నా కోడలు కాదు. నన్ను తిట్టండి, తిట్టాక నీళ్ళు ఆపమని యేసోబుకి చెప్పి, తట్టలు పట్టుకుని రండి" అంటోంది పేరంటాలు.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. అందరిలోకీ గవర్రాజు గొంతు పెద్దది. అతని నారుమడి అప్పటికే నెర్రెలిస్తోంది. "నీళ్ళాపుతామంటే నేనొప్పుకోను పిన్నీ! నాలుగాకుల కోసం నా నారు ఎండబెట్టుకోమంటావా?" అన్నాడు.

అతనిదీ తప్పులేదమ్మలూ. నారు ఎండితే ఏడాదంతా ఏం తింటాడు?

అప్పుడు చంద్రకాంతం ముందుకొచ్చింది. తొట్టిలో చెయ్యి పెట్టి ఆకుల కంబళి పైకెత్తి, కింద నల్లనీళ్ళు చూపించింది. "గవర్రాజుగారూ, నీళ్ళు ఈ పూటే వచ్చినా, వాటితోపాటు ఇదీ మీ మడిలోకి వస్తుంది. మీ నారు మీద కూర్చుంటే ఎవరు తీస్తారు? ఒక్క పూట ఆపమనండి. అంతే అడుగుతున్నాను. అత్తయ్యకి చెప్పకుండా వెళ్ళింది నేను. ఆవిణ్ణేం అనకండి" అంది.

గవర్రాజు వంగి తొట్టిలోకి చూశాడు. ఆ తర్వాత తలపాగా విప్పి నడుముకి కట్టుకుని, "పదండి" అన్నాడు.

యేసోబు మొదట్లోనే చెప్పేశాడు. "పెద్దకాలవని నేను ఆపలేను. మన పిల్లకాలవ తూము తలుపు మాత్రం పొద్దు వాలేదాకా దించి ఉంచుతాను. తలుపు పాతది, కింద కన్నాలున్నాయి. పెద్దకాలవ నిండితే ఎంత ఆగుతుందో నాకూ తెలీదు" అన్నాడు.

ఇంక చూడు! దోమతెరలు, ధాన్యం తూర్పారబట్టే చేటలు, బియ్యం కడిగే బుట్టలు, ఎవరికేది దొరికితే అది పట్టుకుని దిగారు. మాస్టారు గట్టు మీద నిలబడి ఎవరెక్కడ లాగాలో చెబుతున్నారు. "పీకకండి, విరక్కొట్టకండి, కిందనించి ఎత్తండి" అని గౌసియా అరుస్తోంది. పిల్లలు కుప్పలు మోసి గట్టు మీద ఎండలో పరుస్తున్నారు. పేరంటాలు ఆ కుప్పల్ని చేత్తో తిరగేస్తోంది, తొందరగా ఎండాలని. తిరగేస్తూ కళ్ళు తుడుచుకుంటోంది.

మధ్యాహ్నానికి పెద్దకాలవ వచ్చింది. దూరం నుంచి హోరు వినబడింది. ఎవరూ ఎవరి వంకా చూసుకోలేదు. ఇంకా గబగబా తీశారు.

తూము తలుపు కిందనించి మొదట నీటిజాలు వచ్చింది. తర్వాత చెయ్యంత ధార. మడుగు మెల్లిగా లేచింది. చంద్రకాంతం మోకాలి నీళ్ళు తొడ దాకా వచ్చాయి. అప్పుడు వంతెన కింద చీకట్లో, ఎవరూ చూడని మూలన, ఒక పెద్ద తెప్పలాంటి ముక్క కదిలింది. గోడ పట్టుకుని ఇన్నాళ్ళూ అక్కడ దాక్కుంది అది. నీళ్ళు లేవగానే గోడ వదిలి, దిగువకి, చేల వైపు బయల్దేరింది.

"పోతోంది! పోతోంది!" అని అరుస్తూ చంద్రకాంతం అవతలి గట్టెక్కి, దాన్ని దాటి దిగువకి పరిగెత్తింది. ఆవిడకి అందదు. చేతిలో దోమతెర ఉంది గానీ రెండోకొస పట్టుకునేవాళ్ళు లేరు.

వంతెనకి దిగువన ఇవతలి గట్టు మీద ఉన్నది పేరంటాలొక్కతే. ఆవిడకి ఆకు కనబడలేదు. కోడలి గొంతు వినబడింది. "ఎటే? ఎటు దిగనే?" అంటూనే జర్రున గట్టు దిగింది. దిగితే అక్కడ గొయ్యి, పీకల్లోతు.

చంద్రకాంతం ప్రాణం పోయినంత పనయింది. "అత్తయ్యా, వద్దు!" అంది.

"తెర ఇటు విసరవే ముందు!" అంది పేరంటాలు.

విసిరింది. ఆ ముసలావిడ చేతికి కొస దొరికింది. రెండోకొస చంద్రకాంతం పట్టుకుంది. ఇద్దరూ కాలవకి అడ్డంగా తెర బిగబట్టారు. ఆకుల తెప్ప వచ్చి తెరకి కొట్టుకుంది. బరువుకి తెర పొట్టలా ఉబ్బింది. పేరంటాలు కాళ్ళ కింద బురద జారుతోంది. ఆవిడ గడ్డం నీళ్ళలో మునుగుతోంది, లేస్తోంది. కొస మాత్రం వదల్లేదు. చంద్రకాంతానికి ఆకులు అక్కర్లేదు, చేలు అక్కర్లేదు, అత్తగారి ముక్కు నీళ్ళ పైన ఉంటే చాలనిపించింది.

అప్పుడు వెనకనించి ఎవరో దూకారు. గవర్రాజు. ఒక చేత్తో పేరంటాల్ని నడుం పట్టి ఎత్తాడు, ఇంకో చేత్తో తెర కొస అందుకున్నాడు. త్రిమూర్తులు వచ్చాడు. మాస్టారు వచ్చారు, కళ్ళజోడు కాలవలో పోయినా చూసుకోలేదు. అందరూ కలిసి తెరని గట్టు మీదికి లాగారు.

పొద్దు వాలింది. యేసోబు తూము తలుపు ఎత్తాడు. నీళ్ళు పరవళ్ళు తొక్కుతూ వచ్చాయి. గట్టు మీద అందరూ బురద బొమ్మల్లా నిలబడి ఆ నీళ్ళకేసే చూశారు. ఒక్కళ్ళు కూడా హమ్మయ్య అనలేదు. అంతా తీశామో లేదో ఎవరికి తెలుసు?

ఆ సార్వా పంటకాలం అంతా చంద్రకాంతానికి నిలకడ లేదు. రోజూ పొద్దున్నే బోదెల వెంట తిరిగేది. అన్నం తింటూ లేచి వెళ్ళేది. ఒకరోజు గవర్రాజు అరచేతిలో ఆకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఇదేనా చెల్లెమ్మా? మా బోదెలో దొరికింది" అన్నాడు. అదే. ఇంకో రోజు ఎవరో ముసలాయన తెచ్చాడు. మరో రోజు బడిపిల్లలు తెచ్చారు. తెచ్చినవన్నీ రాతి మీద ఎండబెట్టారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ తేలేదు. తేకపోతే ఇంకా భయం. నిజంగా లేకనా, కనబడకనా?

మాస్టారు తన గాజుసీసాలో మిగిలిన పిల్లిచెవులాకు కూడా మాడ్చేశారు. చంద్రకాంతం తనిచ్చిన నీలికలువ పిలక తిరిగి అడిగితే తలొంచుకున్నారు. అది ఆయన దగ్గరా బతకలేదు. ముగ్గురూ కలుసుకోవడం మాత్రం మానలేదు. ఇప్పుడు మొక్క చేతులు మారేముందు గౌసియా ఒకటే అడిగేది, "ఇది పారిపోతే ఏం చేస్తుంది?" అని. జవాబు తెలియకపోతే ఆ మొక్క అరటిదొప్పలోనే తిరిగి ఇంటికెళ్ళేది. వాళ్ళ మధ్య పేరంటాలు కూడా పీట వేసుకుని కూర్చునేది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. కాలవ కట్టేశారు. నీళ్ళు దిగి, వంతెన దగ్గర మడుగు తేలింది. ఉంటే ఇప్పుడే కనబడాలి. చంద్రకాంతానికి వెళ్ళి చూసే ధైర్యం లేదు. చూడకుండా ఉండే ధైర్యమూ లేదు. పేరంటాలే చెయ్యి పట్టుకుని లేవదీసింది.

ఇద్దరూ గట్టెక్కారు. చంద్రకాంతం మడుగు ఈ చివర చూసింది. ఆ చివర చూసింది. వంగి వంతెన కింద చీకట్లోకి చూసింది. చాలాసేపు చూసింది.

పేరంటాలు కోడలి చెయ్యి పట్టి లాగింది. "చెప్పవే. నాకు కనబడదు కదే. ఏముందక్కడ?" అంది.

"నీళ్ళత్తయ్యా" అంది చంద్రకాంతం. "ఉత్త నీళ్ళు."

పేరంటాలు అక్కడే గట్టు మీద చతికిలబడింది. కోడలు పక్కన కూర్చుంది. ఇద్దరూ అలా ఆ ఉత్త నీళ్ళకేసే చూస్తూ కూర్చున్నారు.

కథ పోయె కంచికి,
నీళ్ళు పోయె చేనికి,
కునుకు వచ్చె కంటికి,
మనం పోదాం ఇంటికి.

ఊఁ అనవేమే? ...పడుకుంది, నా తల్లి.